ఇచ్చట గాలి ఉచితం

ఆ సోమవారం పొద్దున బాపయ్య పెట్టుకున్న పని ఒక్కటే. పదిగంటల లోపల తన కొట్టు ముందు ఒక్క సైకిలునైనా ఆపాలి. ఆపి గాలి కొట్టాలా, పంక్చరు వెయ్యాలా, ఊరికే మంచినీళ్ళిచ్చి పంపాలా అన్నది తరవాతి సంగతి. ముందు సైకిలంటూ ఆగాలి గదా!

గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై రెండేళ్ళు కాటా దగ్గర నిలబడి బస్తాలు తూచిన మనిషి బాపయ్య. మోకాళ్ళు మొరాయించాయని 2001 వానాకాలంలో ఆ పని మానేశాడు. మానేసినవాడు ఇంటిపట్టున కూర్చుని కృష్ణా రామా అనుకోవచ్చు. అట్లా అనుకుంటే అతను బాపయ్య ఎందుకవుతాడు? వీధి గది గోడ పగలగొట్టించి, ఒక పంపు, ఒక నీళ్ళ తొట్టి, రెండు రెంచీలు, నాలుగు పాత ట్యూబులు సమకూర్చుకుని, జనవరి నెలాఖరుకల్లా సైకిలు షాపు తెరిచాడు. యార్డు వెనక నుంచి ఆఫీసుల వైపు పోయే అడ్డదారి మీద ఉంది ఇల్లు. పొద్దున ఎనిమిదిన్నరకూ పదికీ మధ్య గుమాస్తాలు, మేష్టర్లు, బట్టల కొట్లలో పనిచేసేవాళ్ళు అంతా ఆ దారినే పోతారు. సాయంత్రం మాత్రం కూరగాయల బజారు మీదుగా ఇళ్ళకు చేరతారు. కాబట్టి బేరమేదైనా ఆ పొద్దుటి గంటన్నరలోనే.

"అన్ని సైకిళ్ళలో నాలిగింటికైనా గాలి దిగి ఉండదూ?" అని బాపయ్య ధీమా.

గాలి దిగిన సైకిళ్ళు చాలానే ఉన్నాయి. అవి కూడా ఆగలేదు. తొక్కేవాళ్ళు ఐసు ఫ్యాక్టరీ మలుపు దాకా జోడుగా, కబుర్లు చెప్పుకుంటూ, పెళ్ళినడకలాగా వచ్చేవాళ్ళు. మలుపు తిరగ్గానే కాలవలో మునగబోయేవాళ్ళలాగా ఒక్క గుక్క పీల్చి, మూతి బిగించి, సీటు మీది నుంచి లేచి తొక్కేవాళ్ళు. బాపయ్య కొట్టు ముందు నుంచి రయ్యిమని పోయి, ఆ చివర నీళ్ళ ట్యాంకు దాటాక మళ్ళీ నెమ్మదించి, వదిలేసిన కబురు వదిలేసిన చోట అందుకునేవాళ్ళు. బాపయ్య ఎదురెళ్ళి పిలిస్తే బుగ్గలు పూరించుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని తల అడ్డంగా ఊపేవాళ్ళే తప్ప ఒక్కడూ నోరు విప్పి మాట్లాడిన పాపాన పోలేదు.

ఇక్కడ అతని భార్య పిచ్చమ్మ గురించి రెండు మాటలు చెప్పాలి. ఆవిడా యార్డు మనిషే. పాతికేళ్ళు మిరపకాయల గుట్టల మధ్య కూర్చుని తొడిమలు తీసింది. ఇప్పుడు ఫిబ్రవరిలో కొత్తకాయ దిగగానే బ్రాడీపేట ఇల్లాళ్ళకు ఏడాదికి సరిపడా కూరకారం కొట్టిచ్చే పని పెట్టుకుంది. ఎనిమిదిన్నరకు మొగుడికి చద్దన్నం పెట్టి, ఇంటి పక్క సందులో పొయ్యి రాజేసి, పెద్ద మూకుడులో మిరపకాయలు వేయించడం మొదలుపెడితే పదింటికి దించేది. ఆ సందులోంచి గాలి నేరుగా వీధిలోకి కొడుతుంది. ఏళ్ళ తరబడి యార్డు చాకిరీలో ఆలుమగలిద్దరి ముక్కులూ ఘాటన్నది మరిచిపోయి ఏనాడో రిటైరైపోయాయి. ఆ వీధిలో ఉండేవాళ్ళంతా యార్డు వాళ్ళే కనక ఇరుగుపొరుగులవీ అవే ముక్కులు. ఇక అక్కడ ఏదో ఘాటుగా ఉందని చెప్పేదెవరు? దారిన పోయేవాళ్ళేమో అది యార్డు మహిమ, సీజన్లో ఇంతేలే అనుకుని ఊపిరి బిగబట్టి తొక్కేవాళ్ళు. బిగబట్టిన ఊపిరితో మాట్లాడే విద్య ఇంకా ఎవరికీ పట్టుబడలేదు.

పిచ్చమ్మ తమ్ముడు కోటేష్ ఊరి చివర ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. వారానికోసారి సాయంత్రం పూట వచ్చి అక్క చేతి కాఫీ తాగి, బావకు సలహాలు చెప్పి పోతుంటాడు.

"ఉగాది దాకా చూద్దాం బావా," అన్నాడు కిందటి వారం. "అప్పటికీ కొట్టు నడవకపోతే మారుమాట్లాడకుండా మా గేటు దగ్గరికొచ్చి కూర్చోవాలి. ఖాకీ కోటు, ఈల నేనే ఇప్పిస్తా."

"వాచ్‌మన్ పనా?"

"కుర్చీ కూడా వేస్తారు బావా!"

కాటా మీద చెయ్యేసి లారీలకు లారీలు ఆపిన మనిషి, ఇప్పుడు లారీ వస్తే లేచి ఈల ఊది గేటు తియ్యాలి. ఆ ఈల తలుచుకుంటేనే బాపయ్యకు ప్రాణం ఉసూరుమనేది. బావమరిది దగ్గర పరువు పోగొట్టుకోవడం కన్నా మోకాళ్ళు పోగొట్టుకోవడం నయమనిపించేది.

అందుకే ఆ సోమవారం కొట్టు నెత్తిన కొత్త బోర్డు వెలిసింది. పసుపు రేకు మీద ఎర్ర అక్షరాలు: "ఇచ్చట గాలి ఉచితం."

ఎనిమిదీ నలభైకి ఇద్దరు గుమాస్తాలు మలుపు తిరిగారు. బాపయ్య ఎదురెళ్ళి బోర్డు కేసి చెయ్యి చూపించాడు. "రండి బాబూ, ఎంత కావాలంటే అంత! ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు!"

ముందువాడు బోర్డు చదివాడు. అంతే, వాడి భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. నవ్వుతో బిగబట్టిన ఊపిరి కాస్తా జారిపోయింది. పోయిన ఊపిరి మళ్ళీ పీల్చుకున్నాడు. పీల్చుకున్న మరుక్షణం హాండిలు మీద వాలిపోయి, దగ్గుతూ, తుమ్ముతూ, పక్కవాణ్ణి గుద్దుకుంటూ పారిపోయాడు.

"ఉచితమంటే ఇంత వెటకారమేమిటి?" అనుకున్నాడు బాపయ్య.

ఆ వెనకే మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పే ఇమ్మానుయేలు మేష్టారు వస్తూ కనిపించారు. ఆయన ఏటా ఇంటికి కావలసిన మిరపకాయలు బాపయ్య చేత ఏరించుకుని పట్టుకెళ్ళేవారు. తెలిసిన మనిషి ఆగకపోతాడా అని బాపయ్య రోడ్డు మధ్యకొచ్చి రెండు చేతులూ బార్లా చాపాడు. మేష్టారు ఆగలేదు. ఒడుపుగా పక్కకు కోసి పోయారు. పోతూ పోతూ ముక్కుకు అడ్డం పెట్టుకున్న రుమాలు తీసి, ఆ చేతిని పైకెత్తి ఆకాశం కేసి ఒకసారి ఊపారు. ముక్కు కందిపోయి ఉంది. రెండు కళ్ళల్లోంచీ నీళ్ళు ధారలు కడుతున్నాయి.

బాపయ్య సందు కేసి పరిగెత్తాడు.

"ఏమేవ్! ఇమ్మానుయేలు మేష్టారు ఏడుస్తూ పోతున్నారే!"

"ఏడవడమేంటయ్యా?" పిచ్చమ్మ సందులోంచి గరిటె పట్టుకునే వచ్చింది.

"చెయ్యి పైకి చూపించాడే. ఎవరో పోయారు. వాళ్ళత్తగారికి బాగాలేదని ఆ మధ్య అనలా? వాడరేవులో ఉంటుంది చూడూ... దీనమ్మగారని... ఆవిడే."

"మరి పోయినోళ్ళింట్లో ఉండకుండా బడికెందుకు పోతున్నాడు?"

"లెక్కల మేష్టారు గదే! సెలవు పెట్టడు."

ఈ మాటలు పక్కింటి ఆదెమ్మ చెవిన పడ్డాయి. ఆదెమ్మ చెవిన పడ్డ మాట వీధంతా తిరిగి రావడానికి అరగంట చాలు. సాయంత్రానికి ఎనిమిది మంది తేలారు. చందా వేసుకుని నిలువెత్తు బంతిపూల దండ కొని, రెండు ఆటోల్లో మేష్టారింటికి బయలుదేరారు. గుమ్మం ముందు ఆటో దిగీ దిగకముందే ఆదెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని రాగం ఎత్తుకుంది.

"అయ్యో దీనమ్మా! ఎంత మంచిదానివమ్మా! ఇంక నీలాంటిది పుడుతుందా అమ్మా!"

తలుపు తెరుచుకుంది. తెల్లచీర కట్టుకున్న పొడుగాటి ముసలావిడ ఒకచేత్తో ఎండుచేపల బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మంచిదాన్నేలే అమ్మా, ముందు లోపలికి రండి," అంది.

ఆదెమ్మ రాగం మధ్యలో తెగింది. బాపయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. "దీనమ్మగారంటే..."

"నేనే నాయనా. పొద్దున్నే బస్సు దిగా. ఇంతకీ ఆ దండెవరికి?"

ఎనిమిది మందీ బాపయ్య మొహం చూశారు. బాపయ్య దండ మొహం చూశాడు. ముప్ఫై రెండేళ్ళు వ్యాపారుల మధ్య నలిగిన బుర్ర ఆ ఒక్కసారి అక్కరకొచ్చింది. ముందడుగు వేసి ఆ దండ తీసుకెళ్ళి దీనమ్మ మెళ్ళో వేసేశాడు.

"మీకేనమ్మా! మా వీధి తరఫున సన్మానం."

దీనమ్మ బుట్ట కింద పెట్టి దండ తడుముకుంది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. "నలభై ఏళ్ళు మా చర్చిలో పిల్లలకి పాటలు నేర్పా. ఒక్కడంటే ఒక్కడు ఒక పువ్వియ్యలా. ఎట్టా తెలిసిందో ఏమో, మీరు వెతుక్కుంటా వచ్చారు. గుంటూరోళ్ళు గుంటూరోళ్ళే నాయనా!"

ఆవిడ ఆనందం చూశాక బాపయ్యకు నిజం చెప్పబుద్ధి కాలేదు. అందరికీ టీలు వచ్చాయి. చిన్న ప్రార్థన, రెండు పాటలు అయ్యాయి. పోయేటప్పుడు తలా నాలుగు ఎండుచేపలు కాగితంలో చుట్టి ఇచ్చింది. అప్పుడే ఇంటికొచ్చిన మేష్టారు అత్తగారి మెళ్ళో దండ చూసి తెల్లబోతూ ఉంటే, బాపయ్య ఆయన్ని అరుగు మీదికి లాక్కుపోయి చెవిలో అడిగాడు.

"మరి పొద్దున మా కొట్టు ముందు ఆ కన్నీళ్ళేంటి మేష్టారూ?"

"భలేవారే! మీ కొట్టు ముందుకొస్తే కళ్ళనీళ్ళు పెట్టుకోనివాడెవడండీ బాపయ్యగారూ? మేమంటే అర నిమిషంలో దాటిపోతాం. రోజంతా మీరెట్లా భరిస్తున్నారో గానీ, పాపం..." అని ఆయన ఇంకా ఏదో చెప్పబోతుండగా లోపలి నుంచి అత్తగారి పిలుపు వచ్చింది. దండతో ఫోటో తీయించాలట. మేష్టారు లోపలికి పరిగెత్తారు.

ఎండుచేపల పొట్లం పట్టుకుని ఇంటికొచ్చిన బాపయ్య ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ముద్ద కలిపి పక్కన పెట్టి, "పచ్చడి మరీ కారంగా ఉందే," అన్నాడు.

"ఎప్పుడూ వేసే కారమే. నీకు వయసు మీద పడుతుంది."

"అది కాదే. ఊరంతా నా మీద జాలి పడుతోంది," అన్నాడు బాపయ్య బరువుగా. "ముసలాడు పొద్దున్నే పంపు పట్టుకుని నిలబడుంటే చూసి తట్టుకోలేక ఏడుస్తున్నారు. నా మొహం చూడలేకే అంత జోరుగా తొక్కి పారిపోతున్నారు."

పిచ్చమ్మ పచ్చడి జాడీకి మూత పెట్టింది. "అంత జాలున్నోళ్ళు ఆగి ఒక్క పంక్చరు వేయించుకోవచ్చుగా?"

బాపయ్య ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. పౌరుషం పొడుచుకొచ్చింది. ఒకరి జాలి మీద బతికే ఖర్మ తనకు పట్టలేదని లోకానికి చాటాలనుకున్నాడు. మర్నాటి నుంచి గంజి పెట్టిన చొక్కా తొడిగి, నుదుట బొట్టు పెట్టి, కొట్టు ముందు కుర్చీ వేసుకుని, వచ్చేపోయే ప్రతి సైకిలు వంకా చూసి పళ్ళన్నీ కనపడేలా నవ్వడం మొదలుపెట్టాడు. ఊపిరాడక, కళ్ళు కనపడక, ముక్కు కారుతూ పోయేవాడికి ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుని హాయిగా నవ్వుతూ కనిపిస్తే ఎట్లా ఉంటుంది? వాళ్ళు ఇంకా జోరు పెంచారు. మూడు రోజులు నవ్వేసరికి బాపయ్యకు దవడలు నొప్పెట్టాయి. పైగా పొద్దున పూట తన కళ్ళల్లోనూ కాస్త తడి ఊరుతోంది. తన మీద తనకే జాలి పుడుతోంది కాబోలనుకుని లోలోపల కుమిలిపోయాడు.

మరుసటి వారం కోటేష్ వచ్చి కాఫీ తాగుతూ అంతా విన్నాడు.

"ఇది జాలీ కాదు, గీలీ కాదు బావా. దిష్టి. తెరిచిన రోజున టెంకాయన్నా కొట్టావా? కొట్టు నిండా నరుడి దిష్టే."

"నువ్వూరుకోరా! ఒక్క బేరం తగలని కొట్టుకి దిష్టెందుకు తగుల్తుందిరా?"

"ఇంత మంది కళ్ళు రోజూ పడుతున్నాయా లేదా?"

పిచ్చమ్మకు ఆ మాట నచ్చింది. మర్నాడు పొద్దున్నే కుంపట్లో కణకణలాడే నిప్పులు వేసి కొట్టు ముందు పెట్టింది. గుప్పెడు ఎండు మిరపకాయలు, ఉప్పు పట్టుకుని, బాపయ్యకూ పంపుకూ కలిపి మూడుసార్లు దిగదుడిచింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, సైకిలు దిష్టి, మోపెడు దిష్టి, పోతే పో!" అని నిప్పుల్లో పడేసింది.

దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రావాలి. వస్తే దిష్టి లేనట్టు. రాకపోతే అదంతా దిష్టే మింగిందని లెక్క. ఇది గుంటూరు జిల్లాలో చంటిపిల్లల తల్లులందరికీ తెలిసిన శాస్త్రం.

పొగ లేచింది. పిచ్చమ్మ వంగి వాసన చూసింది. లేచి మొగుడి మొహంలోకి చూసింది.

"ఏమయ్యా, ఘాటేది?"

బాపయ్య కూడా కుంపటి మీదికి వంగి గుండెల నిండా పీల్చాడు. కళ్ళల్లో కాస్త చెమ్మ తప్ప ఏమీ లేదు. ఆదెమ్మను పిలిచారు. ఆదెమ్మ దాదాపు కుంపట్లో మొహం పెట్టి చూసి, తల అడ్డంగా ఊపింది.

"నా తల్లే! రవ్వంత ఘాటు లేదు. ఏం దిష్టమ్మా ఇది! ఇంటినే మింగేటట్టుంది!"

ఆ పూట వీధిలో సైకిళ్ళు పోయిన వేగం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. సరిగ్గా అదే దిష్టికి రుజువైంది. మర్నాడు గుప్పెడు కాస్తా దోసెడైంది. ఘాటు రాలేదు. దోసెడు చేటెడైంది. అయినా రాలేదు. కుంపటి పోయి పాత నీళ్ళ డ్రమ్ము సగానికి కోసింది వచ్చింది. బాపయ్య యార్డుకు పోయి పాత స్నేహితుల్ని బతిమాలి, రంగు పోయి ఎవరూ కొనని తాలు కాయలు అరబస్తా భుజాన వేసుకొచ్చాడు.

"రేపటితో తేలిపోవాలే. అదో నేనో!"

ఉగాది ఇంకా పది రోజులుంది.

ఇట్లా ఉండగా ఆ దారి చివరనున్న ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు బిందుమాధవిగారికి వేరే చిక్కు వచ్చిపడింది. ఆవిడ కింద పనిచేసేవాళ్ళలో యార్డు వైపు నుంచి వచ్చేవాళ్ళంతా కొన్నాళ్ళుగా పదికి పావుగంట ముందే రొప్పుతూ వచ్చి సీట్లలో పడుతున్నారు. మిగతా దిక్కుల వాళ్ళు ఎప్పటిలాగే పదకొండుకు వస్తున్నారు. ఇదంతా తన క్రమశిక్షణ ఫలితమని ఆవిడ పై ఆఫీసుకు రాసుకుంది. పై ఆఫీసు మెచ్చుకుని, ఆ పద్ధతేమిటో వివరంగా రాసి పంపితే జిల్లా అంతా అమలు చేస్తామంది. పద్ధతేమిటో ఆవిడకూ తెలియదు. అడిగితే గుమాస్తాలు ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుని "తమరంటే భయం మేడమ్" అన్నారు. లాభం లేదనుకుని, వాళ్ళు ఆ దారిలో ఎందుకంత వేగంగా తొక్కుతున్నారో కళ్ళారా చూద్దామని ఆ రోజు మోపెడ్ వేసుకుని వాళ్ళ వెనకే బయలుదేరింది.

ఐసు ఫ్యాక్టరీ మలుపు తిరిగేసరికి ముందున్న సైకిళ్ళు బాణాల్లా దూసుకుపోయాయి. ఆవిడా మోపెడ్ చెవి మెలేసింది. సరిగ్గా బాపయ్య కొట్టు ముందు మోపెడ్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

బాపయ్య చేతిలో ఖాళీ బస్తా జారిపోయింది. తెరిచిన రెండు నెలలకు కొట్టు ముందు మొట్టమొదటిసారి ఒక బండి ఆగింది!

"దిష్టి పోయిందే!" అని కేకపెట్టి, పంపు ఎత్తుకుని ఉరికాడు. "రండమ్మా, రండి! గాలి కొట్టమంటారా? ఉచితం!"

బిందుమాధవిగారు జవాబు చెప్పే స్థితిలో లేదు. వరసగా పదకొండు తుమ్ములు తుమ్మింది. కళ్ళజోడు తీసి, చీర చెంగుతో మొహం కప్పుకుని, మోపెడ్ అక్కడే పడేసి ఎదురుగోడకు ఆనుకుంది. తరవాత సర్కారు గొంతు తెచ్చుకుని అరిచింది.

"ఏం కాలుస్తున్నారయ్యా అక్కడ? మనుషులు బతకాలా చావాలా? ఏమిటీ ఘాటు?"

బాపయ్య, పిచ్చమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఘాటెక్కడుందమ్మా?" అన్నాడు బాపయ్య దీనంగా. "ఘాటు రావట్లేదనే గదమ్మా మా బాధంతా! ఇదిగో, అరబస్తా పోశాం. అయినా రాలా."

"అరబస్తా..." ఆవిడ ఇంకో తుమ్ము తుమ్మింది. "నీకు ముక్కుందా అసలు? రోజూ కాలుస్తున్నావా ఇట్లా?"

"ఇది నాలుగు రోజుల్నుంచేనమ్మా. అంతకుముందు మా ఆడది సందులో కూరకారానికి కాయలు వేయించుకోవడం తప్ప మేం ఏమీ..."

బాపయ్య మాట అక్కడ ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి సందులోకి చూశాడు. పొయ్యి మీద మూకుడు. మూకుడు మీద పొగ. పొగ సందులోంచి పాకుతూ వచ్చి వీధిని అడ్డంగా కోసి పోతోంది. ఎనిమిదిన్నర నుంచి పది దాకా. కళ్ళ నీళ్ళు, బుగ్గల నిండా ఊపిరి, మేష్టారి మాట, బోర్డు చూసి నవ్వినవాడి దగ్గు, అన్నీ ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి.

"ఏమే," అన్నాడు. "మనకి ముక్కులు లేవే."

పిచ్చమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకనుకున్నానయ్యా. మనకి లేంది వాళ్ళకి మాత్రం ఎందుకుంటదని!" అంటూనే బిందెడు నీళ్ళు తెచ్చి డ్రమ్ములో కుమ్మరించింది. బాపయ్యకు నవ్వొచ్చింది, సిగ్గేసింది. ఊరు తన మీద జాలి పడనందుకు గుండె తేలికపడింది. ఆ రెండు నెలల్లో అంత హాయిగా అతను ఎప్పుడూ లేడు.

మర్నాటి నుంచి పిచ్చమ్మ పొయ్యి మధ్యాహ్నానికి మారింది. మొదటిరోజు సైకిళ్ళ వాళ్ళు అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టి దాటారు. రెండోరోజు ఎవడో ధైర్యం చేసి పీల్చి చూశాడు. మూడోరోజు ఇమ్మానుయేలు మేష్టారు ఆగి, వెనక చక్రానికి గాలి కొట్టించుకుని, దీనమ్మగారు దండ ఎండిపోయినా తియ్యనివ్వడం లేదని చెప్పి నవ్వించి పోయారు. ఇక చెప్పేదేముంది? గాలి దిగినవాళ్ళూ, చెయిను జారినవాళ్ళూ, బ్రేకు పట్టనివాళ్ళూ, ఏమీ లేకపోయినా బెంచీ మీద కూర్చుని నాలుగు కబుర్లు చెప్పుకునేవాళ్ళూ కొట్టు ముందు కిటకిటలాడారు. బాపయ్య మోకాళ్ళ నొప్పి సంగతే మరిచిపోయాడు. గాలి మాత్రం ఉచితంగానే కొట్టాడు. బోర్డు మీద రాసిన మాట మాటే గదా!

ఆరోరోజు బిందుమాధవిగారు మళ్ళీ దిగింది. ఈసారి తుమ్ముతూ కాదు, మొహం వేలాడేసుకుని.

"పెద్దాయనా, మా వాళ్ళంతా మీ బెంచీ మీదే ఉంటున్నారు. నిన్న పదకొండున్నరకొచ్చారు. పై ఆఫీసు నుంచి ఎల్లుండి మనిషొస్తున్నాడు, నా క్రమశిక్షణ చూడ్డానికి. మీ ఆవిణ్ణి మళ్ళీ ఆ మూకుడు పెట్టమను."

"అమ్మా! నా కొట్టు?"

బేరసారాలు చాలాసేపు జరిగాయి. చివరకు ఒప్పందం కుదిరింది. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదీ నలభై దాకా కొట్టుది. తొమ్మిదీ నలభైకి పిచ్చమ్మ మూకుడు పెడుతుంది. అదే ఆఫీసు గంట. అందుకు ప్రతిగా ఆఫీసులో ఆడవాళ్ళంతా ఏడాది కారం పిచ్చమ్మ దగ్గరే కూలిచ్చి కొట్టించుకోవాలి.

పై ఆఫీసు మనిషి వచ్చే రోజు ఉగాదికి ముందురోజే అయింది. మాట ప్రకారం కోటేష్ కూడా ఆ పొద్దున్నే చంకలో ఖాకీ కోటు, జేబులో ఈల పెట్టుకుని వచ్చాడు. వచ్చి కొట్టు ముందు జనాన్ని చూసి అట్లాగే నిలబడిపోయాడు.

"ఇదేంటి బావా! ఎట్టా ఆపావు ఇంతమందిని?"

"మీ అక్కనడుగు," అన్నాడు బాపయ్య, ఇమ్మానుయేలు మేష్టారి సైకిలు టైరు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తూ. "ఆపడం నా పని, పంపడం దాని పని. ఆ ఈల తీసుకుపోయి మీ గేటుకి కట్టుకో పోరా. లారీలకి నువ్వే ఊదు."

అన్న తరవాత ఆ మాట రుచి ఒకసారి చూసుకున్నాడు. ఎండాకాలంలో చల్లటి మజ్జిగ తాగినట్టుంది. పంక్చరు వేసి, చక్రం బిగించి, గాలి కొట్టి సైకిలును స్టాండు మీద నిలబెట్టేసరికి తొమ్మిదీ నలభై అయింది.

పిచ్చమ్మ గడియారం చూసి, వేడి మూకుడు పట్టుకోవడానికి గుడ్డ కోసం వెతికి, తమ్ముడి చంకలోంచి ఖాకీ కోటు లాక్కుని సందులోకి పోయింది. కాయలు చిటపటలాడాయి. "గంట కొట్టారర్రోయ్!" అని ఎవరో అరిచారు. బెంచీ మీది జనమంతా ఒక్క గుక్క పీల్చి, మూతి బిగించి, సైకిళ్ళెక్కి నీళ్ళ ట్యాంకు వైపు దౌడు తీశారు. కోటేష్ రెండు తుమ్ములు తుమ్మి, చెప్పులు వదిలేసి వాళ్ళ వెనకే పరిగెత్తాడు. బాపయ్య నడుం మీద చేతులు వేసుకుని విరగబడి నవ్వాడు.

నవ్వి నవ్వి ఊపిరి తీసుకున్నాడు. ముక్కులో ఏదో చురుక్కుమంది. గొంతులో సూది గుచ్చినట్టయింది. కళ్ళ ముందు వీధి అలుక్కుపోయింది. యార్డు వదిలి ఎనిమిది నెలలు దాటింది మరి. ముప్ఫై రెండేళ్ళ కిందట నిద్రపోయిన ముక్కు ఉలిక్కిపడి లేచి, పెంకులు ఎగిరిపోయేలా తుమ్మింది.

"ఏమైందయ్యా?" అని సందులోంచి పిచ్చమ్మ కేక వేసింది.

బాపయ్య బుగ్గలు పూరించుకుని, ఎర్రబడ్డ కళ్ళతో తల అడ్డంగా ఊపి, చేతికందిన సైకిలు మీదికి ఒక్క ఉదుటున ఎగిరి కూర్చున్నాడు. దాని సొంతదారు ఇమ్మానుయేలు మేష్టారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని "బాపయ్యగారూ, నా సైకిలు! బడికి టైమైపోతోందీ!" అంటూ వెంటపడ్డారు.

ఆ కొట్టు ముందు ఆగకుండా పోయిన సైకిళ్ళు ఎన్నో ఉన్నాయి గానీ, అన్నిటికన్నా వేగంగా పోయింది మాత్రం కొట్టు యజమాని తొక్కినదే.